త, ది, తొం, నం

మృదంగం గురించి రాసేవాళ్లు ఎక్కువగా కచేరీల గురించి రాస్తారు. తని ఆవర్తనం, అంటే మృదంగం ఒక్కటే వాయించే భాగం, ఎంతసేపు సాగింది, ఎవరు ఎవరికి జవాబు చెప్పారు, సభ ఎలా ఊగిపోయింది. అవన్నీ నేనూ ఇష్టంగా చదువుతాను. కానీ తొలి పాఠాల గురించి రాసేవాళ్లు తక్కువ. ఒక్క దెబ్బ సరిగ్గా పలకడానికి నెలలు పట్టిన రోజుల గురించి ఎవరైనా రాస్తే బావుండునని ఎప్పుడూ అనుకుంటాను. అందుకే నావి నేను రాస్తున్నాను. విజయనగరంలో, అయ్యకోనేరుకు దగ్గర్లో, ఒక పెంకుటింటి వసారాలో గడిచిన సాయంత్రాలవి.

ఎనభైల చివరి మాట. మా ఇంట్లో సంగీతం వచ్చినవాళ్లు ఎవరూ లేరు, అందరూ వినేవాళ్లే. నాన్న నెల్లిమర్లలో జూట్ మిల్లు గుమాస్తా. పగలంతా మగ్గాల మోతలో ఉండి వచ్చే మనిషి, రాత్రి భోజనం కాగానే రేడియో దగ్గర కుర్చీ వేసుకుని కళ్లు మూసుకునేవారు. ఆయన పాట వినేవారు. నా ధ్యాస మాత్రం పాట వెనక నడిచే చప్పుడు మీదకి పోయేది. పాట ఆపి వయొలిన్‌కి వదిలినా అది ఆగదు. వయొలిన్ ఆగి మళ్లీ పాట అందుకున్నా అది ఆగదు. చివర్లో ఒకచోట మాత్రం అందరూ ఆగి, దాన్ని ఒక్కదాన్నీ మాట్లాడనిస్తారు. ఎందుకలా అని అడిగితే, "ఇంతసేపూ అందర్నీ నడిపించింది కదమ్మడూ, దాని వంతు దానికివ్వాలి కదా" అన్నారు నాన్న. ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

ఒక రాత్రి విజయవాడ కేంద్రం కచేరీ వింటున్నాం. అయిపోయాక కళాకారుల పేర్లు చదివారు. మృదంగం, దండమూడి సుమతి అన్నారు. నేను లేచి కూర్చున్నాను. అంతవరకూ మృదంగం వాయించేది మగవాళ్లే అని నా లెక్క. అలాగని ఎవరూ చెప్పలేదు, చూసిందంతా అదే కాబట్టి అనుకున్నాను. ఇంతసేపూ నేను చెవి పెట్టి విన్న ఆ చేతులు ఒక ఆడమనిషివి అని తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. 2021లో ఆవిడకి పద్మశ్రీ ఇచ్చారని పేపర్లో చదివినప్పుడు, మా ఇంటి మనిషికే ఇచ్చినట్టు ఊరంతా ఫోన్లు చేసి చెప్పాను.

"నేను మృదంగం నేర్చుకుంటాను" అన్న మాట మా ఇంట్లో కొన్నాళ్లు నలిగింది. మామ్మకి అసలు నచ్చలేదు. "ఆడపిల్ల ఒళ్లో మద్దెల ఏవిటే? అంత సరదాగా ఉంటే వీణ నేర్పించండి, లక్షణంగా ఉంటుంది. బొబ్బిలి ఎంత దూరం?" అనేది. బొబ్బిలి వీణలు బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో చేస్తారు. ఒకే పనస దుంగలోంచి వీణ మొత్తం తొలుస్తారు. నాన్న ఆ మాట పట్టుకున్నారు. "వీణా పనసకర్రే, మృదంగమూ పనసకర్రేనమ్మా. పిల్ల ఏ కర్ర అడిగితే ఆ కర్ర ఇద్దాం" అన్నారు. మామ్మ నవ్వింది గానీ ఒప్పుకోలేదు.

ఒప్పించింది మావయ్య. పండక్కి వచ్చి, సంగతంతా విని, మామ్మ ఎదురుగా పీట వాల్చుకుని కూర్చున్నాడు. "అత్తయ్యగారూ, 1919లో విజయరామ గజపతిరాజు గారు సంగీత పాఠశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసు గారిని మొదటి ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టిన ఊరండీ ఇది. ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ చెప్పింది ఇక్కడే. ఘంటసాల ఎక్కడో కృష్ణా జిల్లాలో పుట్టి, ఇక్కడికొచ్చి వారాలు చేసుకుంటూ నేర్చుకున్నాడు. మనం ఈ ఊళ్లోనే ఉండి, పిల్ల నోరు తెరిచి అడుగుతుంటే వద్దంటామా?" ఘంటసాల పేరు వచ్చాక మామ్మ ఇంకేమీ అనలేదు. ఆయన పద్యాలంటే ఆవిడకి ప్రాణం.

సంగీత కళాశాలలో చేర్చేముందు ఎవరి దగ్గరైనా కాస్త చెయ్యి కుదరనివ్వమని తెలిసినవాళ్లు చెప్పారు. అలా మాస్టారి దగ్గరికి వెళ్లాం.

ఆయన పెద్ద పెద్ద సభల్లో వాయించిన మనిషి కాదు. హరికథలకు మృదంగం వాయించేవారు. గజపతినగరం, చీపురుపల్లి, రాజాం, పాలకొండ, నరసన్నపేట, ఎక్కడ శ్రీరామనవమి పందిరి వేస్తే అక్కడికి, ఎక్కడ గణపతి నవరాత్రులు పెడితే అక్కడికి, మృదంగాన్ని గుడ్డసంచిలో వేసుకుని బస్సెక్కేవారు. తెల్లవార్లూ కథ నడిస్తే తెల్లవార్లూ వాయించి, పొద్దున్నే మొదటి బస్సుకి దిగేవారు. కుడిచేతి చూపుడువేలు చివర చర్మం గట్టిపడి మెరుస్తూ ఉండేది. నేను మొదట చూసింది ఆ వేలే.

విజయదశమి నాడు మొదలుపెట్టారు. తాంబూలంలో అరటిపళ్లు పెట్టి, దణ్ణం పెట్టి కూర్చున్నాను. మృదంగం గోడవారన పీట మీద ఉంది. పసుపు రాసి బొట్టు పెట్టారు. దాని మీద చెయ్యి వెయ్యమంటారని ఎదురుచూస్తున్నాను. మాస్టారు నా అరచేతిని తీసుకుని నా తొడ మీద పెట్టారు. "ముందు ఇక్కడ వెయ్యి" అన్నారు.

ఆది తాళం. ఒక దెబ్బ, ఆ తర్వాత చిటికెనవేలు, ఉంగరంవేలు, మధ్యవేలు లెక్క. మళ్లీ దెబ్బ, చెయ్యి తిప్పడం. మళ్లీ దెబ్బ, చెయ్యి తిప్పడం. మొత్తం ఎనిమిది అక్షరాలు. చేత్తో తాళం వేస్తూ నోటితో "త, ది, తొం, నం" అనాలి. మొదటి కాలంలో దెబ్బకి ఒక అక్షరం. రెండో కాలంలో అదే దెబ్బలో రెండు. మూడో కాలంలో నాలుగు. చెయ్యి మాత్రం ఎక్కడ మొదలుపెట్టిందో అదే నడకలో ఉండాలి, నోరు పరుగెత్తిందని చెయ్యి పరుగెత్తకూడదు. చెప్పడానికి ఇంతే. మూడో కాలంలోకి వెళ్లి, అక్కణ్నించి మళ్లీ మొదటి కాలానికి దిగివచ్చి, చెయ్యి తడబడకుండా సమం మీద, అంటే తాళం మొదలయ్యే దెబ్బ మీద, ఆగడం వచ్చేసరికి నెలలు గడిచాయి. అన్నాళ్లూ మృదంగం గోడవారనే ఉంది.

ఇప్పుడు పిల్లల్ని చేర్చిన తల్లిదండ్రులు రెండో వారమే "ఏం వాయిస్తున్నావు, ఏదీ వాయించు" అంటుంటే వింటున్నాను. వాళ్ల ఆత్రం నాకు అర్థమవుతుంది. కానీ నోటికి రానిది చేతికి రాదని మాస్టారు నమ్మేవారు, నేనూ నమ్ముతాను. నోరు పలికేటప్పుడు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలుస్తుంది. ఆ ఊపిరి తీసుకునే చోటే తర్వాత వాయింపులో ఖాళీ అవుతుంది. ఆ ఖాళీ లేని వాయింపు ఎంత వేగంగా ఉన్నా నాకు చెవికెక్కదు.

పాఠం అయ్యాక అయ్యకోనేరు గట్టు మీదుగా ఇంటికి నడిచేదాన్ని. అడుగుకో అక్షరం. త, ది, తొం, నం. ఎదురుగా తెలిసినవాళ్లొస్తే అడుగు ఆపకుండా తల ఊపేదాన్ని. పలకరింపుకి ఆగితే తాళం పోతుంది. కోనేట్లో బట్టలుతికేవాళ్ల దెబ్బ ఒకటి, నా అడుగు ఒకటి. రెండూ కలిసిన సాయంత్రం ఇంటికెళ్లేదాకా పట్టరాని సంతోషంగా ఉండేది.

ఆ దసరా వెళ్లిన మంగళవారమే సిరిమానోత్సవం. విజయనగరంలో పుట్టినవాళ్లకి పైడితల్లమ్మ పండగ గురించి చెప్పక్కర్లేదు. బయటివాళ్ల కోసం చెబుతాను. పెద్ద చింతమాను చివర కట్టిన ఆసనంలో పూజారి గారు కూర్చుంటారు. మాను పైకి లేస్తుంది. మూడు లాంతర్ల దగ్గరున్న గుడి నుంచి కోట దాకా వెళ్లి వస్తుంది, అలా మూడుసార్లు. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల. చుట్టుపక్కల పల్లెలన్నీ ఆ రోజు ఊళ్లోనే ఉంటాయి. ఆ ఏడాది వరకూ నేను సిరిమాను చూడ్డానికే వెళ్లేదాన్ని. ఆ ఏడాది మాస్టారు మా శిష్యులందర్నీ వెంటబెట్టుకుని తీసుకెళ్లి, "పైకి చూడ్డం తర్వాత. ముందు వినండి" అన్నారు.

వీధి మొదట్లో తప్పెటగుళ్లవాళ్లు ఆడుతున్నారు. రొమ్ముకి గుండ్రటి రేకు తప్పెట కట్టుకుని, కాళ్లకి గజ్జెలు కట్టుకుని, రెండు చేతులతో దాన్ని మోగిస్తూ ఎగురుతారు, గంతులేస్తారు, ఒకరి మీద ఒకరు ఎక్కి నిలబడతారు. అంత ఎగిరినా దెబ్బ తప్పదు. మాస్టారు నా చెవి దగ్గర వంగి, "తాళం వెయ్యి, చూద్దాం" అన్నారు. ఆ మోతలో నా చెయ్యి నాకే వినబడ్డం లేదు. కాసేపు వేసేసరికి పాదాలకి తెలిసింది, మూడేసి దెబ్బలు నడుస్తున్నాయని. తకిట, తకిట, తకిట. "తిశ్రం" అన్నాను. "ఆఁ. పాఠంలో పేరు తిశ్రం. వాళ్లకి అది నడక. పేరు తెలీకపోయినా నడక తెలిస్తే వాడు లయకారుడే" అన్నారు. చదువుకున్న సంగీతానికి, వీధిలో సంగీతానికి ఆయన ఎన్నడూ గోడ కట్టలేదు. డప్పు అయినా, జముకుల కథలో జముకు అయినా, తూర్పు భాగవతంలో మద్దెల అయినా, ఎక్కడ వినిపిస్తే అక్కడ ఆగి వినాల్సిందే.

మాలో ఒక కుర్రాడు ఉండేవాడు. వాళ్లది నెల్లిమర్ల వైపు పల్లె. వాళ్ల నాన్న తప్పెటగుళ్ల దళంలో ఆడతాడు. నాకన్నా చిన్నవాడు, నన్ను అప్పా, అంటే అక్కా, అని పిలిచేవాడు. మేమందరం వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటుంటే వాడు తల ఎగరేసి టక్కున సమం మీద పడేవాడు. ఎలారా అని ఒకసారి అడిగాను. "నెక్కెట్టుకోకప్పా. నెక్కెడితే అక్కడే ఉండిపోతావు. నడక ఇను. అదే తీసుకెల్తాది" అన్నాడు. మాస్టారు విన్నారు. "వాడికి లయ ఇంట్లోనే ఉంది. నేను పేర్లు చెబుతున్నానంతే" అన్నారు. ఆ మాట వాడి ముందే, మా అందరి ముందే అన్నారు. వాడి మొహం వెలిగిపోయింది. ఇప్పుడు వాడు తూర్పు భాగవతం మేళంతో తిరుగుతున్నాడు, మద్దెల వాడిదే. నేను విన్న చేతుల్లో అంత నిబ్బరమైన చెయ్యి ఇంకోటి లేదు.

జాతులు, అంటే మూడు, నాలుగు, అయిదు, ఏడు, తొమ్మిది అక్షరాల లెక్కలు, చెప్పేటప్పుడు మాస్టారిది ఒక పద్ధతి. తకిట, తకధిమి అని పుస్తకంలోలాగే చెప్పి, వెంటనే మన ఊళ్ల పేర్లు అనమనేవారు. మూడుకి బొబ్బిలి. నాలుగుకి శ్రీకాకుళం. అయిదుకి పార్వతీపురం. ఏడుకి గజపతినగరం, మూడూ నాలుగుగా విరిచి. తొమ్మిదికి శ్రీకాకుళం పార్వతీపురం. రూపక తాళం ఆరు అక్షరాలకి మన ఊరే, విజయనగరం. ఆయన బస్సుల్లో తిరిగిన ఊళ్లన్నీ ఆయనకి తాళాలే. మేం వసారాలో కూర్చుని ఊళ్ల పేర్లు గొంతెత్తి అరుస్తుంటే దారినపోయేవాళ్లు ఇదేదో బస్టాండనుకుని ఆగి చూసేవారు. ఇప్పటికీ ఏడక్షరాల మిశ్రచాపు తాళంలో కీర్తన వింటే నా లోపల గజపతినగరం, గజపతినగరం అని నడుస్తూనే ఉంటుంది.

ఇక మృదంగం చేతికొచ్చిన రోజు.

కుడికాలు కొంచెం చాచి, ఎడమకాలు మడిచి, మృదంగాన్ని కుడి పాదం మీద, చీలమండ దగ్గర ఆనించాలి. పరికిణీలో అలా కూర్చోవడం మొదట్లో ఇబ్బందిగా ఉండేది. మాస్టారి భార్య, మేం పిన్నిగారూ అనేవాళ్లం, పాత చీర మడిచి చుట్టచుట్టి పాదం మీద పెట్టారు. ఆ చుట్ట నేను అక్కడ నేర్చుకున్నన్నాళ్లూ నాదే.

కుడి మూత చిన్నది, మధ్యలో కరణి అనే నల్లటి పూత. ఎడమ మూత పెద్దది, దాని మధ్యలో వాయించేముందు రవ్వ పిండి అద్దాలి. బొంబాయి రవ్వని నీళ్లతో ముద్ద చేసి, బొటనవేలితో నొక్కుతూ గుండ్రంగా పరచాలి. అది తడిగా ఉన్నంతసేపే ఎడమ వైపు ఆ గంభీరమైన నాదం. వాయించడం అయ్యాక గీకి, తుడిచి పెట్టాలి. పిన్నిగారు ఉప్మాకి రవ్వ తీసేటప్పుడే ఒక గిన్నెలో మాకూ కొంచెం తీసిపెట్టేవారు.

త అంటే ఎడమ మూత మధ్యలో నాలుగు వేళ్లూ కలిపి కొట్టడం. చప్పుడు అక్కడికక్కడే అణగాలి. ది అంటే కుడి మూత కరణి మీద మధ్యవేలు, ఉంగరంవేలు కలిపి. తొం అంటే ఎడమ మూత అంచు దగ్గర కొట్టి చెయ్యి తీసెయ్యడం, నాదం లోపల్నించి లేచి రావాలి. ఈ మూడూ కొన్ని రోజుల్లో వచ్చాయి.

నాలుగోది నం. అదే అసలు పరీక్ష. ఉంగరంవేలు కరణి అంచున అలా ఆని ఉండాలి, బరువు పడకూడదు. చూపుడువేలు మూత అంచు మీద గట్టిగా పడి లేవాలి. ఉంగరంవేలు ఎక్కువ ఆనితే చప్పుడు చచ్చిపోతుంది. ఆనకపోతే శ్రుతి తేలదు. చూపుడువేలు ఓ వెంట్రుకవాసి లోపలికి పడితే కర్ర మీద కొట్టినట్టు ఉంటుంది. సరిగ్గా పడితే మాత్రం గంట మోగినట్టు, శ్రుతిపెట్టె పలికే షడ్జంలో, అంటే సా స్వరంలో, కలిసిపోయి వినిపిస్తుంది.

రోజూ అదే. త ది తొం నం, త ది తొం నం. మిగిలిన మూడూ పలికి నాలుగోది మూగగా ఉండేది. వేలి చివర ఎర్రబడి, వాచి, అన్నం కలుపుకుంటే మంట పుట్టేది. మామ్మ ఏమీ అనకుండా కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి తెచ్చి, నా వేలు పట్టుకుని రాసేది. వద్దన్న మనిషే, "పాఠానికి వేళైంది, లే" అని నన్ను తరమడం మొదలుపెట్టింది.

ఒక వర్షాకాలం సాయంత్రం. వాన పట్టుకుని మిగతావాళ్లు రాలేదు. తేమకి చర్మాలు వదులై శ్రుతి దిగిపోతుంది కాబట్టి మాస్టారు మృదంగాన్ని ఒళ్లో పెట్టుకుని సరిచేస్తున్నారు. కుడి మూత అంచు అల్లిక మీద కర్రముక్క ఆనించి గుండ్రాయితో కొడతారు. పైనుంచి కిందికి కొడితే శ్రుతి ఎక్కుతుంది, కింద నుంచి పైకి కొడితే దిగుతుంది. చుట్టూ ఉన్న 16 చోట్లా ఒకే శ్రుతి పలకాలి. ఒకచోట సరిచేస్తే పక్కది కదులుతుంది. ఆయన కొడుతూ, వేలితో మీటి వింటూ, తిప్పుతూ చాలాసేపు ఆ పనిలోనే ఉన్నారు. అప్పుడు నన్ను దగ్గరికి పిలిచి, "నేను కొడతాను, నువ్వు మీటు. ఎక్కడ తేడాగా ఉందో నువ్వే చెప్పు" అన్నారు. అంతవరకూ నేను చెయ్యి చూసుకుంటూ వాయించేదాన్ని. ఆ రోజు మొదటిసారి చెవితో వెతికాను. ఇక్కడ తగ్గింది మాస్టారూ, ఇక్కడ ఎక్కువైంది, ఇది సరిపోయింది. మొత్తం చుట్టు తిరిగి వచ్చేసరికి, నేను మీటిన ప్రతిదీ నం అని పలుకుతోంది. వేలు ఎక్కడ పడుతోందో నేను చూడ్డం కూడా లేదు.

మాస్టారు మెచ్చుకోలేదు. లోపలికి తిరిగి, "ఏమోయ్, అమ్మాయికి నం వచ్చింది, కాఫీ ఇయ్యి" అన్నారు. మా ఇంట్లో పిల్లలకి కాఫీ ఇవ్వరు. నా మొదటి కాఫీ అది.

ఆదిభట్ల నారాయణదాసు గారి గురించి మాస్టారు చెప్పని వారం లేదు. ఆయన్ని మాస్టారు చూడలేదు. దాసుగారు 1945లో పోయారు. కానీ తన గురువు నోట విన్నవి నిన్నే జరిగినట్టు చెప్పేవారు. రెండు చేతులతో రెండు తాళాలు, రెండు కాళ్లతో రెండు, తలతో ఒకటి, మొత్తం అయిదు తాళాలు ఒకేసారి నడిపి పంచముఖి చేసి చూపించిన మనిషి అని. విని మేమూ ప్రయత్నించేవాళ్లం. అయిదు కాదు, రెండే. కుడిచేత్తో ఆది, ఎడమచేత్తో రూపకం. ఒకటి ఎనిమిది అక్షరాలు, ఒకటి ఆరు. ఇరవై నాలుగో అక్షరం దగ్గర ఆది మూడు ఆవర్తాలు, రూపకం నాలుగు ఆవర్తాలు ముగించి రెండూ ఒకేచోట పడతాయి. కాగితం మీద ఎవరైనా చెప్పగలరు. రెండు చేతులూ ఒకే మనిషివి అయినప్పుడు అంత దూరం విడివిడిగా నడిచి కలవడం ఎంత కష్టమో చేస్తేగానీ తెలీదు. నెల్లిమర్ల కుర్రాడు ఒక్కడే చెయ్యగలిగాడు. మేమంతా చప్పట్లు కొట్టాం. "రెండంటే ఇంత ఉందే, అయిదు నడుపుతూ ఆయన నవ్వుతూ ఉండేవారట" అన్నారు మాస్టారు, దణ్ణం పెట్టి. దాసుగారు నడిచిన వీధుల్లోనే నేనూ నడుస్తున్నానన్న ఆలోచనకి నాకు ఒళ్లు గగుర్పొడిచేది. మావయ్య చెప్పినప్పుడు అది ఊరి గొప్ప. మాస్టారు చెప్పాక అది నా సొంత సంగతైపోయింది.

మాస్టారు పోయి చాలా ఏళ్లయింది. ఆ పెంకుటింటి చోట ఇప్పుడు అపార్టుమెంటు ఉంది. పిన్నిగారు కొడుకు దగ్గర విశాఖపట్నంలో ఉన్నారు. ఫోన్ చేస్తే ఇప్పటికీ "చెయ్యి వదిలెయ్యలేదు కదా?" అనే మొదట అడుగుతారు. సంగీత కళాశాలలో నేను తర్వాత సర్టిఫికెట్ నాలుగేళ్లు, డిప్లొమా రెండేళ్లు చేశాను. అక్కడ మంచి గురువులు దొరికారు, పెద్ద పాఠాలు నేర్చుకున్నాను. ఆ రోజుల గురించి రాయాలంటే వేరే రాయాలి.

పాటకి వాయించడం మొదలుపెట్టింది పిన్నిగారి దగ్గరే. లోపలి గదిలో ఆవిడ ఆడపిల్లలకి పాట చెప్పేవారు. మాకు కాస్త చెయ్యి తిరిగాక, మా పాఠం, వాళ్ల పాఠం కలిపేశారు. వాళ్లు గీతాలు పాడతారు, మేం వాయించాలి. ఆడపిల్లల గొంతు శ్రుతి ఎక్కువ కాబట్టి 22 అంగుళాల పొట్టి మృదంగం. మాస్టారు హరికథలు చెప్పే దాసుగార్లకి వాయించేది 24 అంగుళాల పొడుగుది, దాన్ని ముట్టుకోనిచ్చేవారు కాదు.

ఒంటరిగా వాయించేటప్పుడు అంతా వచ్చేసిందనిపించేది. పాట పక్కన కూర్చున్నాక తెలిసింది, ఇది వేరే విద్య అని. పాడేపిల్ల ఊపిరి తీసుకుంటుంది. ఒక అక్షరాన్ని లాగుతుంది. భయమేస్తే పరుగెడుతుంది. నేర్చుకున్న జతులన్నీ అక్కడ గుమ్మరించాలని చేతులు తహతహలాడతాయి. మాస్టారు ఒకటే అనేవారు. "పాట నీకు వినబడుతోందా? వినబడకపోతే నీ చెయ్యి పెద్దదైనట్టు." హరికథలో కథ చెప్పే దాసుగారు పిట్టకథ అందుకున్నారంటే మృదంగం చేతులు ఒళ్లో పెట్టుకుని కథ వినాలి. ఎక్కడ మళ్లీ పాటలోకి దూకుతారో ముందుగా చెప్పరు. కథని మనసుపెట్టి వింటున్నవాడికే ఆ చోటు తెలుస్తుంది. వినేవాళ్లతో పాటు ఏడ్చి, నవ్వి, సరిగ్గా ఆ క్షణానికి చెయ్యి మూత మీద ఉండాలి. ఆయన రాత్రులన్నీ అలాగే గడిపారు. అందుకే మాకు వాయించడంతో సమానంగా చేతులు ఆపడం నేర్పారు. ఈ మాట ఇంత నొక్కి రాస్తున్నానంటే, కొత్తగా మొదలుపెట్టిన పిల్లలకి ఈ రోజుల్లో ఇది ఎవరూ చెప్పగా నేను వినడం లేదు. వేగం చూసి చప్పట్లు కొడుతున్నారు.

పుష్య బహుళ పంచమి, త్యాగరాజ స్వామి ఆరాధన. ఆ ఏడాది సంగీత కళాశాలలో జరిగే పంచరత్న గోష్ఠికి, త్యాగరాజు అయిదు పంచరత్న కీర్తనలూ అందరూ కలిసి పాడేచోటికి, మాస్టారు మమ్మల్ని తీసుకెళ్లారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. రాగాలు అయిదు, తాళం మాత్రం అన్నిటికీ ఆదే. "మీకు వచ్చిన తాళమే. ఎక్కడికీ పోదు. వెనక కూర్చుని, పెద్దవాళ్ల చేతులు వింటూ, మీ చెయ్యి చిన్నదిగా పెట్టి వాయించండి" అన్నారు.

హాలు నిండిపోయింది. గాత్రం వాళ్లు బారులు తీరి కూర్చున్నారు, వీణలు, వయొలిన్లు. మృదంగాల వరసలో చిట్టచివర నేను, నా పక్కన నెల్లిమర్ల కుర్రాడు. నాన్న మిల్లుకి సెలవు పెట్టి వచ్చారు. మామ్మ పట్టుచీర కట్టుకుని ముందు వరసలోనే కూర్చుంది. నాట మొదలయ్యేముందు నాకు టెన్షన్‌తో అరచేతులు చెమట పట్టేశాయి. తడి చేత్తో మూత పాడవుతుందని పరికిణీకి తుడుచుకున్నాను. అంతలో అన్ని గొంతులూ ఒకేసారి లేచాయి.

అంతమంది కలిసి పాడుతుంటే, అన్ని మృదంగాలు కలిసి నడుస్తుంటే, మధ్యలో కూర్చున్న మనిషికి ఎలా ఉంటుందో రాయడం నా వల్ల కాదు. నా వేలు పడుతోంది, మూత పలుకుతోంది, కానీ ఆ నం నాదో, ముందు కూర్చున్న పెద్దవాళ్లదో నాకు తెలీడం లేదు. గౌళలో ఒకచోట అందరూ గట్టిగా అందుకున్నప్పుడు నేను చెయ్యి తగ్గించేశాను, ఎవరూ చెప్పకుండానే. పాట వినాలనిపించి. పక్కన కుర్రాడూ తగ్గించాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆరభికి మళ్లీ అందరితో కలిశాం. శ్రీ రాగం వచ్చేసరికి భయం ఎటు పోయిందో పోయింది, సమం మీద పడిన ప్రతిసారీ మామ్మ తల ఊగడం కనిపిస్తోంది.

అయ్యాక ప్రసాదం తీసుకుని, మాస్టారు ఏమంటారోనని ఆయన చుట్టూ తిరిగాను. ఆయన ఎవరితోనో మాట్లాడుతున్నారు. నాన్న దగ్గరికెళ్లి, "గౌళలో చెయ్యి తగ్గించిందండీ మీ అమ్మాయి. నాకు వినబడింది" అన్నారు. అంతమందిలో నా చెయ్యి ఎలా విన్నారో నాకు తెలీదు. నాన్న ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు.

మర్నాడు యథాప్రకారం పాఠానికి వెళ్లాను. చీరచుట్ట పాదం మీద పెట్టుకుని, మృదంగం ఒళ్లోకి తీసుకోబోయాను. మాస్టారు దాన్ని తీసి గోడవారన పెట్టేశారు.

"ఖండచాపు" అన్నారు. "తక తకిట. ముందు నోటితో. చెయ్యి తొడ మీద పెట్టు."

"పార్వతీపురం" అన్నాడు కుర్రాడు వెనకనుంచి.

"ఆఁ, అదే. కానియ్యండి."